కుర్చీలో ఎనిమిది గంటలు: షుగర్ ఉన్న ఉద్యోగులకు ఒక పాఠం



మా బావగారు ఒక కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యారు. షుగర్ బయటపడిన నాటి నుంచి ఆయన క్రమం తప్పలేదు. ఫజర్ నమాజు కాగానే నలభై నిమిషాలు నడిచేవారు. టీలో చక్కెర మానేశారు. మాత్రలు వేళకు వేసుకునేవారు. పరగడుపు షుగర్ అదుపులోనే ఉండేది. మధ్యాహ్న భోజనం తర్వాత రెండు గంటలకు చూస్తే మాత్రం 230, 240 కనిపించేది. డాక్టరు గారు ఒక రోజు కాగితాలన్నీ తిరగేసి, "పొద్దున నడక బాగుందండీ. మరి పది నుంచి ఐదు దాకా ఏం చేస్తారు?" అని అడిగారు. "ఇంకేం చేస్తాను సార్, ఆఫీసే" అన్నారు బావగారు. "కూర్చునేనా?" "కూర్చునే. ఫైళ్లు అటెండరు తెస్తాడు, నీళ్లు అటెండరు తెస్తాడు, టీ కూడా అతనే తెస్తాడు." డాక్టరు గారు నవ్వి, "అయితే నడిచేది మీరు కాదు, మీ అటెండరు" అన్నారట.

ఆ మాట బావగారి కంటే నాకే ఎక్కువ తగిలింది. నేను బడిపంతులును. పాతికేళ్లు నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పినవాణ్ణి. ఈమధ్య ఆన్‌లైన్ నమోదులు, రికార్డుల పని మీద పడి, రోజులో సగం కంప్యూటరు ముందే గడుస్తోంది. బ్యాంకులో, సచివాలయంలో, బీమా కార్యాలయంలో, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే మన సోదర సోదరీమణుల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. ఈ సంచిక చదివే దాతల్లో ఎక్కువ మంది కుర్చీలో కూర్చుని సంపాదించేవారే. అందుకే ఈ ఏడాది ఈ పాఠం ఎంచుకున్నాను.

పాఠం సారాంశం ఒక్క వాక్యంలో ముందే చెబుతాను. పొద్దున నడక నడకే, మాత్ర మాత్రే. ఆ రెండూ కాక, షుగర్ ఉన్నవారు పగటిపూట ప్రతి అరగంటకోసారి కుర్చీ లేచి రెండు మూడు నిమిషాలు కదలాలి.

ఈ మాట ఇప్పుడెందుకు?

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా జరిగిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. 2021 నాటికి మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారని ఆ సర్వే అంచనా వేసింది. పట్టణాల్లో ఇది పల్లెల కంటే ఎక్కువగా కనిపించింది.

మన సంస్థల్లో వైద్య సహాయం పని చూసేవారికి ఈ అంకెల వెనకున్న ముఖాలు తెలుసు. మూత్రపిండాలు చెడిపోవడానికి ముఖ్య కారణాల్లో షుగర్ ఒకటి. డయాలసిస్ మొదలైతే వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రి, రానూపోనూ ఛార్జీలు, తోడుగా ఇంట్లో ఒకరి పని పోవడం. నిన్నటి వరకు జకాత్ ఇచ్చిన ఇల్లు, ఇంటి పెద్ద మంచాన పడ్డాక సహాయం కోసం ఎదురు చూసే పరిస్థితికి వస్తుంది. ఇచ్చే చెయ్యి ఇచ్చే చెయ్యిగానే ఉండాలంటే ఆ చెయ్యి ఉన్న ఒళ్లు బాగుండాలి. ఆరోగ్యం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్ అని ఎన్నో ప్రసంగాల్లో వింటాం. అమానత్‌ను కాపాడటం ఆఫీసు వేళల్లో కూడా బాధ్యతే.

ముందుగా ఒక చిన్న కృత్యం

కాగితం, పెన్ను తీసుకోండి. నిన్న మీరు కూర్చున్న సమయం రాయండి. రాకపోకలకు బండి మీదో బస్సులోనో ఒక గంట. ఆఫీసు కుర్చీలో ఆరున్నర గంటలు. తినేటప్పుడు అన్నీ కలిపి ఒక గంట. రాత్రి టీవీ, సెల్‌ఫోను రెండు గంటలు. మొత్తం పదిన్నర గంటలు. ఏడు గంటలు నిద్రపోతే మెలకువగా ఉన్నది పదిహేడు గంటలు. అందులో పదిన్నర గంటలు కుర్చీకి, అరగంట నడకకు. మీ లెక్క దీనికి కాస్త అటూ ఇటూగా ఉండవచ్చు. ఎవరి లెక్క వారే నిజాయితీగా వేసుకోవాలి.

బస్సు నేర్పిన పాఠం

కూర్చోవడం మీద లోకం దృష్టి పడింది ఒక బస్సు వల్ల. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు అక్కడి రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించారు. డ్రైవరు, కండక్టరు ఒకే బస్సులో, ఒకే సంస్థలో పనిచేసేవారు. డ్రైవరు డ్యూటీలో దాదాపు మొత్తం కూర్చునే ఉండేవాడు. కండక్టరు టికెట్లు కొడుతూ పై అంతస్తుకు ఎక్కుతూ దిగుతూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాడు. 1953లో ప్రచురించిన ఫలితం ఏమిటంటే, కండక్టర్ల కంటే డ్రైవర్లకు గుండె జబ్బులు ఎక్కువ. ఉత్తరాలు పంచే పోస్ట్‌మెన్‌కూ కుర్చీలో కూర్చునే తపాలా గుమస్తాలకూ మధ్య కూడా ఇలాంటి తేడాయే కనిపించింది. తర్వాత యూనిఫాం కొలతలు చూస్తే డ్రైవర్ల నడుము చుట్టుకొలత ఉద్యోగంలో చేరిన నాటి నుంచే ఎక్కువగా ఉందని కూడా తేలింది. కాబట్టి తేడా అంతా కుర్చీదే అనలేం. కానీ కదలికకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద ఆ తర్వాత జరిగిన పరిశోధనలకు ఆ బస్సే దారి చూపింది. మోరిస్ గారు 99 ఏళ్లు బతికి 2009లో కన్నుమూశారు.

కూర్చుంటే షుగర్ ఎందుకు పెరుగుతుంది?

అన్నం తిన్న తర్వాత అది గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. ఆ గ్లూకోజులో ఎక్కువ భాగాన్ని లోపలికి తీసుకోవలసింది మన కండరాలు. కండరం తలుపు తెరవడానికి ఇన్సులిన్ తాళంచెవి లాంటిది. టైప్ 2 షుగర్ ఉన్నవారిలో ఈ తాళంచెవి సరిగా తిరగదు. తలుపు తెరుచుకోదు. గ్లూకోజు రక్తంలోనే నిలిచిపోతుంది.

అయితే ఈ ఇంటికి రెండో తలుపు కూడా ఉంది. కండరం కదిలినప్పుడు, ముడుచుకుని సాగినప్పుడు, ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే అది గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. షుగర్ ఉన్నవారిలో కూడా ఈ రెండో తలుపు పనిచేస్తుంది. ఒంట్లో అన్నిటికంటే పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి. కుర్చీలో కూర్చున్నప్పుడు సరిగ్గా ఆ పెద్ద కండరాలే పని మానేస్తాయి. మధ్యాహ్నం క్యారియర్ విప్పి అన్నం తిని, అదే కుర్చీలో మూడు గంటలు ఉండిపోతే, రక్తంలో గ్లూకోజు పెరిగే వేళకే రెండో తలుపు మూసుకుని ఉంటుంది. బావగారి 240కి ఇదీ ఒక కారణం.

ఈ సంగతిని ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో బేకర్ సంస్థ పరిశోధకులు పరీక్షించి చూశారు. 2016లో ప్రచురించిన ఆ పరిశీలనలో టైప్ 2 షుగర్ ఉన్న 24 మంది పాల్గొన్నారు. వారిని ఒక రోజు ఎనిమిది గంటలు కూర్చోబెట్టారు. మరో రోజు ప్రతి అరగంటకు మూడు నిమిషాలు నెమ్మదిగా నడిపించారు. ఇంకో రోజు అరగంటకోసారి మూడు నిమిషాలు మడమలు ఎత్తడం, సగం వంగి లేవడం, మోకాళ్లు ఎత్తడం లాంటి తేలిక కసరత్తులు చేయించారు. భోజనం తర్వాత షుగర్ పెరుగుదల, కదలకుండా కూర్చున్న రోజుతో పోలిస్తే, మిగతా రెండు రోజుల్లోనూ సుమారు 39 శాతం తగ్గింది. 24 మంది అంటే చిన్న సంఖ్యే. ఒక్కో రోజు పరీక్షే. కానీ ఇదే ధోరణి ఇతర పరిశీలనల్లోనూ కనిపించడంతో, అమెరికా మధుమేహ సంఘం 2016లో షుగర్ ఉన్నవారు ప్రతి అరగంటకూ కూర్చోవడాన్ని ఆపి కాస్త కదలాలని సలహా ఇచ్చింది.

పొద్దున నడక సరిపోదా?

నేను అడిగిన ప్రతివారూ తిరిగి నన్ను అడిగిన ప్రశ్న ఇది. నడక చాలా మంచిది, మానకూడదు. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. దానితోపాటే కూర్చునే సమయం తగ్గించాలనీ చెప్పింది. ఇవి రెండు వేర్వేరు సలహాలు.

పది లక్షల మందికి పైగా వివరాలు కలిపి చూసిన ఒక అధ్యయనం 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలకు మించి కూర్చునేవారికి దాని వల్ల పెరిగే ముప్పు పోవాలంటే రోజుకు 60 నుంచి 75 నిమిషాలు చురుకైన శ్రమ కావాలని అందులో తేలింది. మనలో రోజూ అంత సేపు నడిచేవారు ఎందరు? కాబట్టి పొద్దున నడకకు తోడు పగటి కదలికలూ కావాలి. ఉదయం ఆరు గంటలకు నడిచిన నడక, మధ్యాహ్నం రెండు గంటలకు పెరిగే షుగర్‌ను పూర్తిగా ఆపలేదు.

మూడు నిమిషాల్లో ఏం చేయాలి?

ఖర్చు లేదు, ప్రత్యేకమైన బట్టలు అక్కర్లేదు, చెమట పట్టనక్కర్లేదు. ఇవి చేయవచ్చు:

1. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడం. మెట్లుంటే ఒక అంతస్తు ఎక్కి దిగడం.
2. కుర్చీ వీపు పట్టుకుని మడమలు ఎత్తి దించడం.
3. కుర్చీలో కూర్చోబోయి, కూర్చోకుండా మళ్లీ లేవడం. మోకాళ్లు సహకరించినంత మేరకే.
4. నిలబడి ఒక్కో మోకాలును నెమ్మదిగా పైకెత్తడం.

వీటికి ప్రత్యేకంగా సమయం కేటాయించడం కంటే చేసే పనులకే వీటిని ముడివేయడం మేలు. మంచినీళ్ల సీసా బల్ల మీద కాక దూరంగా పెట్టుకోండి. చిన్న గ్లాసుతో తాగితే ఎక్కువసార్లు లేవాలి. ఫోను మోగగానే లేచి నిలబడి మాట్లాడండి. పక్క గదిలోని వారికి ఫోను చేయకుండా లేచి వెళ్లి చెప్పండి. మీ ఫైలు మీరే తీసుకెళ్లండి. మధ్యాహ్నం భోజనం కాగానే పదిహేను నిమిషాలు ఆవరణలో నడవండి. రోజంతటిలో ఒక్క మార్పే చేయగలను అనుకునేవారు ఈ ఒక్కటీ చేయండి.

"ఇన్నిసార్లు లేస్తే పనెలా సాగుతుంది?" అని అడుగుతారు. ఏడు గంటల్లో పద్నాలుగు సార్లు, మూడేసి నిమిషాల చొప్పున 42 నిమిషాలు. అందులో భోజన విరామం, నమాజు, నీళ్లు, మూత్రవిసర్జన, ఫోన్లు తీసేస్తే కొత్తగా లేవవలసింది నాలుగైదు సార్లే. బ్యాంకు కౌంటరులో లైను ఉన్నప్పుడు లేవడం కుదరదు. అప్పుడు కూర్చున్న చోటే మడమలు ఎత్తి దించండి, కాళ్లు ఒక్కొక్కటిగా చాపి ముడవండి. లైను తగ్గగానే లేవండి. ఒకసారి తప్పితే తర్వాతి అరగంట ఉంది.

"నిలబడితే చాలదా?" అన్నది ఇంకో ప్రశ్న. కదలకుండా కూర్చోవడం కంటే నిలబడటం నయం. నిలబడటం కంటే నడవడం నయం. రోజంతా కదలకుండా నిలబడితే కాళ్ల నరాలు ఉబ్బుతాయి, నడుము నొప్పి వస్తుంది. కాసేపు కూర్చోవాలి, మధ్యమధ్య కదలాలి. ఎత్తు మార్చే ఖరీదైన బల్లలు లేకపోయినా ఇది సాగుతుంది.

మనకు ఉన్న వేళలు

ఆఫీసు వేళల్లో జొహర్, కొన్ని కాలాల్లో అసర్ కూడా వస్తాయి. నమాజు ఆరాధన. దాన్ని వ్యాయామమని పిలవడం నాకు ఇష్టం లేదు, నియ్యత్ అల్లాహ్ కోసమే ఉండాలి. అయితే ఆ వేళకు లేవడం, వుజూకు నడవడం, నిలబడటం, రుకూ, సజ్దా, ఇవన్నీ కుర్చీ నుంచి మనల్ని విడిపిస్తాయి. జొహర్‌లో ఫర్జ్ నాలుగు రకాతులు, సున్నత్, నఫిల్ కలుపుకుంటే పన్నెండు. భోజనం ముందుగా ముగించుకుని జొహర్‌కు మసీదు దాకా నడిచి వెళ్లగలిగితే షుగర్ పెరిగే వేళ కుర్చీలో గడవదు. మసీదు నాలుగు వీధుల అవతలే ఉన్నా బండి తీసే అలవాటు మనది. దాన్ని మార్చుకోవచ్చు. మోకాళ్ల నొప్పితో కుర్చీలో నమాజు చేసేవారు, నిలబడగలిగినంత సేపు నిలబడే చేయాలన్న సంగతి ఇమాం సాహెబు చెబుతూనే ఉంటారు.

వుజూ మరో మేలు చేస్తుంది. షుగర్ ఉన్నవారు రోజూ పాదాలు చూసుకోవాలి. పాదం కడిగేటప్పుడే అరికాలు, వేళ్ల సందులు చూడండి. పుండు, పగులు, పొక్కు, రంగు మార్పు కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చూపించండి. కడిగాక వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడుచుకోండి.

రంజాన్‌లో ఉపవాసం ఉండదలచిన షుగర్ రోగులు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలిసి, ఉండవచ్చో లేదో, మాత్రల వేళలు ఎలా మార్చాలో తెలుసుకోవాలి. ఉపవాసంలో, ముఖ్యంగా ఇఫ్తార్‌కు ముందు గంటల్లో, గట్టి శ్రమ వద్దు. తరావీహ్‌లో నిలబడి చేసేది కూడా ఆ రోజు శ్రమలో భాగమే. షుగర్ 70 కంటే తగ్గినా 300 దాటినా ఉపవాసం విరమించాలని వైద్యుల సూచన.

జాగ్రత్తలు

ఇన్సులిన్ తీసుకునేవారికి, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వేసుకునేవారికి కదలిక పెరిగితే షుగర్ మరీ పడిపోయే అవకాశం ఉంది. చేతులు వణకడం, చెమటలు, గుండె దడ, విపరీతమైన ఆకలి దాని గుర్తులు. 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు లేదా పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్షించుకోవాలి. ఆఫీసు సొరుగులో గ్లూకోజు పొట్లం ఉంచండి. పక్క సీటువారికి మీకు షుగర్ ఉందని చెప్పి ఉంచండి. దాచుకోవలసిన విషయం కాదిది.

పాదాల్లో తిమ్మిరి, స్పర్శ తెలియకపోవడం ఉన్నవారు చెప్పులు లేకుండా నడవకూడదు. మెత్తని అడుగున్న చెప్పులు వాడాలి. లేవగానే కళ్లు తిరిగేవారు నెమ్మదిగా లేచి, ఒక నిమిషం బల్ల పట్టుకుని నిలబడి, తర్వాత నడవాలి. గుండె జబ్బు, కంటి లోపల రక్తస్రావం, పాదం మీద పుండు ఉన్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. ఏ కారణంతోనూ మాత్ర మీ అంతట మీరు ఆపవద్దు, తగ్గించవద్దు.

దాతలు చేయగలిగినది

మీలో కొందరు యజమానులు, మేనేజర్లు, బడి యాజమాన్యాలవారు. ఉద్యోగి అరగంటకోసారి లేస్తే పని ఎగ్గొడుతున్నాడని చూడకండి. మంచినీళ్లు, ప్రింటరు కాస్త దూరంగా పెట్టించండి. చిన్న సమావేశాలు నిలబడి జరపండి. ఈ పని ముందు మన కమిటీ సమావేశాల్లోనే మొదలుపెట్టవచ్చు. రెండు గంటల పాటు ఎవరూ లేవకుండా కూర్చుని, మధ్యలో సమోసా, తీపి టీ తీసుకునే అలవాటు మనకే ఉంది.

ఇంకొక మాట. మన వంటి సంస్థలు పేద సోదరీమణులకు కుట్టుమిషన్లు ఇస్తుంటాయి. అది మంచి పని. కుట్టుపని కూడా కూర్చుని చేసేదే. పెద్ద ఆర్డరు వచ్చిందంటే ఆ సోదరి రోజంతా లేవదు. మిషను చేతికిచ్చే రోజునే "అరగంటకోసారి లేవమ్మా" అన్న మాట కూడా చెప్పి ఇవ్వాలి. ఉచిత వైద్య శిబిరంలో వేలి నుంచి రక్తం చుక్క తీసేటప్పుడు "రోజుకెన్ని గంటలు కూర్చుంటారు?" అన్న ప్రశ్న కూడా అడగాలి. దీనికి నిధి అక్కర్లేదు.

ఇంటి పని

పాఠం అన్నాక ఇంటి పని ఉండాలి కదా. ఏడు రోజులు ఒక చిన్న పుస్తకంలో మూడు సంగతులు రాయండి: ఎన్నిసార్లు లేచారు, మధ్యాహ్న భోజనం తర్వాత నడిచారా లేదా, ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు షుగర్ ఎంత. చాలామందికి ఆ వేళ 180 లోపు ఉండాలని చెబుతారు. మీకు ఎంత ఉండాలో మీ డాక్టరు చెప్పాలి. ఆ పుస్తకాన్ని తర్వాతిసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బి ఎ1సి పరీక్షతో కలిపి చూస్తే ఆయనకూ దారి తెలుస్తుంది.

బావగారు రిటైరయ్యే ముందు చివరి మూడేళ్లు ఈ పద్ధతి పాటించారు. మొదటి వారం ఆయన లేచి నీళ్లకు వెళితే అటెండరు నొచ్చుకున్నాడట, తన మీద కోపమొచ్చిందేమోనని. సంగతి చెప్పాక అతనే అరగంటకోసారి వచ్చి "సార్, టైమైంది" అని గుర్తుచేసేవాడు. మధ్యాహ్నపు షుగర్ 240 నుంచి క్రమంగా 180 దగ్గరికి వచ్చింది. ఆయన అన్నం కూడా ఒక గరిటె తగ్గించారు, కనుక ఘనత అంతా నడకదే అనను. మాత్ర మాత్రం పెంచవలసిన అవసరం రాలేదు, అల్హమ్దులిల్లాహ్.

ఈ వ్యాసం చదవడానికి మీకు పదిహేను నిమిషాలు పట్టి ఉంటుంది. బహుశా కూర్చునే చదివి ఉంటారు. ఇప్పుడు సంచిక పక్కన పెట్టి, లేచి, ఇంట్లో ఒక చుట్టు నడిచి రండి. అల్లాహ్ మన దాతలందరికీ, వారి కుటుంబాలకూ ఆరోగ్యాన్నీ, ఆ ఆరోగ్యంతో పదిమందికి సేవ చేసే భాగ్యాన్నీ ప్రసాదించు గాక. ఆమీన్.